పాట మధ్యలో పాఠం

2011లో కానరీ దీవుల్లో స్టార్మస్ అనే ఉత్సవం మొదలైంది. మొదలుపెట్టినవాళ్ళలో ఒకాయన గరిక్ ఇస్రాయెలియన్, ఖగోళ శాస్త్రవేత్త. ఇంకొకాయన క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే. ఈయనకీ ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ ఉంది. నక్షత్రాల మీద ఉపన్యాసాలు, వాటితోపాటే రాక్ సంగీతం. ఇప్పుడు యూరప్‌లో పాటల పండగలకి పోతే ఒక మూల ఫిజిక్స్ గుడారమో ఫిలాసఫీ గుడారమో కనిపించడం పెద్ద వింత కాదు. మన దగ్గర కూడా ఇలాంటివి పెడితే బావుణ్ణని స్నేహితులు అంటుంటారు. పెడితే బానే ఉంటుంది. కానీ విన్నప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది: బెజవాడ లాంటి ఊళ్ళో ఉపన్యాసానికి పాట పక్కన వేరే గుడారం ఎందుకు వెయ్యాల్సి వస్తోంది? నిన్నమొన్నటిదాకా అది పాట లోపలే కాపురం ఉండేది కదా.

హరికథ సంగతి చెబుతున్నాను. మా తరానికి హరికథ అంటే సినిమాలో హాస్యం కోసం పెట్టే సీను. పట్టుపంచె, మెడలో దండ, చేతిలో చిరతలు, కాళ్ళకి గజ్జెలు. కాసేపు నవ్వుకుని పక్కకి జరిగిపోతాం. నిజానికి దాని నిర్మాణం చూస్తే ముచ్చటేస్తుంది. ఒకే మనిషి గంటల తరబడి నిలబడి పాడతాడు, పద్యం చదువుతాడు, అడుగు వేస్తాడు, వచనం చెబుతాడు. పక్కన మృదంగం, వయొలిన్ లేదా హార్మోనియం. కథ ఏ రుక్మిణీ కల్యాణమో నడుస్తూ ఉంటుంది. సరిగ్గా రుక్మిణి ఉత్తరం రాసే చోట ఆయన ఆగి, జనం చేత గోవింద కొట్టించి, ఒక పిట్టకథ ఎత్తుకుంటాడు. ఆ పిట్టకథకి రుక్మిణితో సంబంధం ఉండాలని లేదు. అది ఊళ్ళో కట్నాల గురించి కావచ్చు, కొత్తగా వచ్చిన రైలు గురించి కావచ్చు, తాడుని చూసి పామనుకున్నవాడి భ్రమ గురించి కావచ్చు. చెప్పి, నవ్వించి, సరిగ్గా ఎక్కడ ఆపాడో అక్కడికే, అదే రాగంలోకి తిరిగొస్తాడు. ప్రోగ్రాం రాసేవాణ్ణి కాబట్టి నాకది మెయిన్ ప్రోగ్రాంలోంచి సబ్‌రొటీన్‌లోకి వెళ్ళి, మళ్ళీ అదే లైన్‌కి రావడంలా కనిపిస్తుంది. కొందరు పిట్టకథలో ఇంకో పిట్టకథ పెడతారు. దారి తప్పకుండా రెండిట్లోంచీ బయటికి రావడం చిన్న విషయమేం కాదు.

ఈ పద్ధతిని తెలుగులో నిలబెట్టినాయన ఆదిభట్ల నారాయణదాసు (1864-1945). మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు కథ విని, 1883లో విజయనగరంలో ధ్రువచరిత్రతో మొదలుపెట్టారు. 1919లో అక్కడ సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపల్ ఆయనే. ఆయన్ని 'హరికథా పితామహుడు' అనేసి ఊరుకోవడం మనకి అలవాటైంది గానీ, ఆయన పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలని మూలం నుంచి, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషుతో పాటు పెట్టి, సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చిన మనిషి. అలాంటి చదువున్న మనిషి కాలేజీ గదిలో కాకుండా కాలికి గజ్జె కట్టి పందిట్లో మాట్లాడాడు. ఎదురుగా కూచున్నవాళ్ళలో చాలామందికి అక్షరం రాదు. అయినా వాళ్ళు వేదాంతం విన్నారు. టిక్కెట్టు కొని ఉపన్యాసానికి వచ్చినవాళ్ళు కారు వాళ్ళు, పాటకి వచ్చినవాళ్ళు. నాకు ఈ తేడా చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

కృష్ణా డెల్టాలో ఇది అంతగా పాతుకోవడానికి కాలవలు కూడా ఒక కారణం. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక దివిసీమ దాకా, అటు తెనాలి, రేపల్లె దాకా నీళ్ళు పారాయి. సంక్రాంతికి ధాన్యం ఇంటికొస్తుంది. ఆ వెనకే చల్లిన మినుములు, పెసలు శ్రీరామనవమి లోపల కళ్ళం దాటుతాయి. ఎండాకాలం కాలవలు కట్టేస్తే పొలంలో పనుండదు. చేతిలో డబ్బు ఉంది, రాత్రిళ్ళు చల్లగా ఉన్నాయి. నవమి పందిళ్ళు తొమ్మిది రాత్రులు సాగడం వెనక భక్తి ఎంత ఉందో, ఇరిగేషన్ శాఖ క్యాలెండరు కూడా అంతే ఉంది. ఒక రాత్రి హరికథ, ఒక రాత్రి పాటకచ్చేరీ, ఒక రాత్రి పద్యనాటకం, ఒక రాత్రి బుర్రకథ. ఇన్ని రకాలున్నా వినేవాళ్ళు మాత్రం వాళ్ళే.

ఇంకో చిన్న సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది బెజవాడలోనే. 1930 నాటికి వాల్తేరు వెళ్ళిపోయింది. గుంటూరు పక్కన నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చేసరికి 1976 అయింది, బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో గానీ రాలేదు. మధ్యలో కాలేజీలున్నాయి, రామ్మోహన్ గ్రంథాలయం లాంటివున్నాయి. అయినా నలుగురు చేరి పెద్ద విషయాలు వినే చోటు అంటే జనానికి పందిరే.

ఆ రోజుల్లో సంగీతోత్సవాలు హరికథనీ కచ్చేరీనీ వేరువేరు గదుల్లో కూచోబెట్టలేదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు (1883-1951) తన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి పేర బెజవాడలో సద్గురు ఆరాధనోత్సవాలు జరిపేవారు. శాస్త్రిగారు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య శిష్యులు, వెంకటసుబ్బయ్య సాక్షాత్తూ త్యాగరాజు శిష్యుడు. ఆ ఉత్సవంలోనే ఎనిమిదేళ్ళ మురళీకృష్ణ అనే పిల్లాడు పూర్తి కచ్చేరీ చేస్తే, విన్న హరికథా భాగవతార్ ముసునూరివారు ముందు 'బాల' అన్న మాట చేర్చారు. బాలమురళీకృష్ణ పేరు గురించి రాసే ప్రతివాళ్ళూ చెప్పే ముచ్చటే ఇది. నాకిందులో ఆసక్తి కలిగించేది వేరే ఉంది. శాస్త్రీయ సంగీత విద్వాంసుడికి పేరు పెట్టే చనువు ఒక హరికథకుడికి ఉందన్నమాట. రాగం తెలిసినవాళ్ళూ కథ చెప్పేవాళ్ళూ ఒకే బంతిలో కూచున్న కాలం అది.

ఇంతవరకూ చదివినవాళ్ళకి, పోయిన కాలాన్ని తలుచుకుని కళ్ళు తుడుచుకుంటున్నాననిపిస్తుందేమో. అదేం లేదు. ఈ పద్ధతిలో పెద్ద లోటు ఒకటుంది. హరికథకుడిని ఎవరూ ప్రశ్న అడగరు. ఆయన ఒక మాట అంటాడు, వెంటనే మృదంగం అందుకుంటుంది, జనం గోవింద అంటారు. ఆ మాట నిజమా కాదా అని నిలబడి అడగడానికి సందు లేదు. అడిగితే కచ్చేరీ పాడుచేసినవాడవుతాడు. పాట ఒక మాటని ఎంత దూరమైనా మోసుకెళ్ళగలదు గానీ, ఎదురు మాటకి చోటివ్వదు. కులం గురించి, ఆడవాళ్ళ గురించి పిట్టకథల్లో వినపడే ఎన్నో మాటలు తరాల తరబడి ఎందుకు చెల్లుబాటయ్యాయంటే, ఇదీ ఒక కారణం.

ఈ లోటుని మన నేల మీద మొదట గట్టిగా పట్టుకున్నది గోరా అనుకుంటాను. గోపరాజు రామచంద్రరావు (1902-1975), వృక్షశాస్త్రం లెక్చరరు. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడలో, ఆ తర్వాత బందరులో ఉద్యోగం పోగొట్టుకుని, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది బెజవాడ పటమటకి వచ్చింది. గోరా సభలో పాట కంటే ప్రశ్నకి మర్యాద ఎక్కువ. కానీ ఆయనా, ఆయన తర్వాత కేంద్రం నడిపినవాళ్ళూ పండగని వదులుకోలేదు, గమనించండి. పున్నమి రాత్రులు సహపంక్తి భోజనాలు పెట్టారు. నిప్పుల మీద నడిచి చూపించారు. నిప్పులగుండం అంటే మనకి జాతరలో డప్పుల మధ్య జరిగే తంతు. దాన్నే తెచ్చి, నడవండి, ఎవరైనా నడవచ్చు అన్నారు. కాలిన కట్టె, దాని మీది బూడిద వేడిని చాలా నెమ్మదిగా బదిలీ చేస్తాయి. అడుగు తాకేది క్షణకాలం. ఆగకుండా నడిస్తే కాలే లోపే దాటేస్తాం. ఇనప రేకు మీద మాత్రం ఈ పప్పులుడకవు. ఇంతకంటే మంచి ఫిజిక్స్ పాఠం ఏ గుడారంలో చెబుతారు? డప్పుకీ దణ్ణానికీ బదులు ప్రశ్న పెట్టారు, తేడా అంతే.

కమ్యూనిస్టులు ఇంకో దారి తొక్కారు. ప్రశ్నని పాటలోకే తెచ్చారు. బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం, రెండో వంత రాజకీయం. ఈ రెండో ఆయన పని ఏంటంటే కథ ఏ కాలానిదైనా ఇవాళ్టి సంగతి మధ్యలోకి లాగడం. పల్నాటి యుద్ధం నడుస్తుంటే ఆగి, 'అదేంటి గురూ, మన ఊళ్ళోనూ ఇట్లాగే ఉందే' అని అడగడం. అంటే పిట్టకథకి ఇక్కడ ఒక పర్మనెంటు ఉద్యోగం ఇచ్చారు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడినప్పుడు గరికపాటి రాజారావు, నాజర్ లాంటివాళ్ళ చేతికి ఈ పరికరం సిద్ధంగా దొరికింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్, దూదేకుల కుటుంబం, ఆత్మకథకి 'పింజారి' అని పేరు పెట్టుకున్న మనిషి. శాస్త్రీయ సంగీతం నేర్చుకుని వచ్చి బుర్రకథకి గొంతు ఇచ్చాడు. బెంగాల్ కరువు మీద కథ చెప్పాడు.

ఆ సందర్భం ఊహించుకోవాలి. 1944 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు బెజవాడలో జరిగాయి, స్వామి సహజానంద అధ్యక్షులు. అంతకు ముందు ఏడాదే బెంగాల్లో లక్షలమంది ఆకలితో చచ్చిపోయారు. ఇక్కడేమో కాలవ కింద పంట ఇంటికొచ్చిన డెల్టా. ధాన్యం ఉన్న దేశంలో జనం ఎందుకు చచ్చిపోయారన్న ప్రశ్న ఆర్థికశాస్త్రానిది. ధర, నిలవ, యుద్ధం, రవాణా, నల్లబజారు, ఇవన్నీ విప్పి చెబితే గానీ అర్థం కాదు. అమర్త్య సేన్ పుస్తకం రావడానికి ఇంకా ముప్పై ఏడేళ్ళుంది. ఆ ప్రశ్నని గుమ్మెట మీద తాళం వేసుకుంటూ వంత అడిగాడు, కథకుడు చెప్పాడు. ఆ రోజుల్లోనే మోటూరి ఉదయం లాంటివాళ్ళు మహిళల బుర్రకథ దళం కట్టారు. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ వేదికలెక్కి పాడారు. తొంభై దాటాక ఆమె రాసిన 'నిర్జన వారధి' (2012) చదివినవాళ్ళకి ఆ పాట ఖరీదెంతో తెలుసు. ప్రభుత్వానికీ తెలిసింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఉత్త వినోదమైతే నిషేధించాల్సిన అవసరం లేదు కదా.

అయినా నా అనుమానం పూర్తిగా తీరదు. వంత అడిగే ప్రశ్న ముందే రాసిపెట్టుకున్న ప్రశ్న. జవాబు తెలిసే అడుగుతాడు. జనంలో ఎవరికైనా వేరే ప్రశ్న వస్తే? పార్టీ తప్పు చేసిందేమో అని ఎవరైనా అడగాలనుకుంటే? గుమ్మెట దానికి ఆగదు.

మరి నిజంగా ఎదుటివాడు ప్రశ్న అడిగితే ఏమవుతుంది? అలాంటి సందర్భం మన డెల్టాకి 1958లో ఎదురైంది, అదీ ఢిల్లీలో. సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సు పెట్టింది. ప్రబంధం చదవడం, వెంటనే ఆడి చూపించడం, తర్వాత చర్చ. కూచిపూడి గురించి మాట్లాడింది విస్సా అప్పారావు. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి, క్షేత్రయ్య పదాలూ త్యాగరాజ కృతులూ పరిష్కరించిన పెద్దాయన. నృత్యం చేసింది కాంచనమాల. చర్చలో లేచిన ప్రశ్న సూటిగా ఉంది: ఇది భరతనాట్యానికి భిన్నమైన శాస్త్రీయ నృత్యం ఎలా అవుతుంది? జవాబు అక్కడివాళ్ళకి ఆనలేదు. మరుసటేడాది హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ప్రత్యేకంగా కూచిపూడి సదస్సు పెట్టింది. బందా కనకలింగేశ్వరరావు లాంటివాళ్ళు పట్టుబట్టి శాస్త్రం, చరిత్ర, ప్రదర్శన అన్నీ కూడగట్టారు. ఇవాళ కూచిపూడికి ఉన్న శాస్త్రీయ హోదాలో ఆ రెండు సదస్సుల పాత్ర తక్కువేం కాదు. మొవ్వ మండలంలో ఒక చిన్న ఊరి బతుకుతెరువు ఒక ఉపన్యాసం గెలవడం ఓడడం మీద ఆధారపడింది.

ఇక్కడ కొంచెం చేదు కూడా ఉంది. ఆ ప్రశ్నకి జవాబు తయారుచేసే తొందరలో కూచిపూడి అంటే సిద్ధేంద్రయోగి, బ్రాహ్మణ మగవాళ్ళ భాగవత మేళాలు అన్న కథ గట్టిపడింది. ఇదే డెల్టాలో మేజువాణీలలో క్షేత్రయ్య పదాలు పాడుతూ, కూచుని అభినయిస్తూ, ఒక్కో పాదానికి పది అర్థాలు విప్పిన కలావంతుల స్త్రీల మాట పక్కకిపోయింది. పాట మధ్యలో వ్యాఖ్యానం చెప్పడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. 1947 మద్రాసు దేవదాసీ చట్టంతో వాళ్ళ వేదికే పోయింది. బెజవాడలో తుమ్మలపల్లివారి ఆడిటోరియానికి క్షేత్రయ్య పేరుంది. ఆ పదాలని మూడు వందల ఏళ్ళు గొంతులో దాచినవాళ్ళ పేరు మాత్రం ఏ హాలుకీ చూళ్ళేదు.

రేడియో గురించి రెండు మాటలు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలమురళి అక్కడ పనిచేశారు, పొద్దున్నే భక్తిరంజని ఆయన రోజుల్లో వచ్చిందే. బాలాంత్రపు రజనీకాంతరావు అక్కడ పాటలు కడుతూనే 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాసిన మనిషి. కానీ నా విషయానికి అక్కరకొచ్చేది ఉషశ్రీ. ఆదివారం మధ్యాహ్నం ఆయన రామాయణ భారతాలు చెబుతుంటే వీధులు ఖాళీ అయ్యేవని మా పెద్దవాళ్ళు అంటారు. పాట లేకుండా, ఉత్త మాటతో. 'ధర్మసందేహాలు' కార్యక్రమంలో అయితే శ్రోతలు పోస్టుకార్డు మీద ప్రశ్న రాసి పంపితే ఆయన చదివి జవాబిచ్చేవారు. పందిట్లో నోరెత్తలేని మనిషికి పోస్టుకార్డు మీద నోరొచ్చింది. జవాబులు మనకి నచ్చినా నచ్చకపోయినా, అడిగినవాళ్ళు మాత్రం నిజంగా బయటివాళ్ళే.

పాట, పాఠం, ప్రశ్న మూడూ ఒక్కచోట కలిసిన సందర్భం నాకు తెలిసినంతలో కళాజాతాలే. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు మొదలుపెట్టిన ఈ పద్ధతి 1987లో భారత జన విజ్ఞాన జాతాగా దేశమంతా తిరిగింది. మన దగ్గర 1988లో జన విజ్ఞాన వేదిక వచ్చింది. సెంటర్లో డప్పు కొట్టి పాట అందుకుంటారు, చిన్న నాటిక వేస్తారు, అయిపోయాక జనంతో కూచుంటారు. ఈ పద్ధతికి పెద్ద పరీక్ష డెల్టాకి దక్షిణాన నెల్లూరు జిల్లాలో జరిగింది. అక్కడి అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగి ఆడవాళ్ళని రాత్రిబడికి రప్పించాయి. వాచకంలో సారా దుకాణం మూయించిన ఒక స్త్రీ కథ పాఠంగా ఉంది. దూబగుంటలో అది చదివిన ఆడవాళ్ళు, మన ఊళ్ళో మనమెందుకు చెయ్యకూడదని అడిగారు. ఆ ప్రశ్న ఏ వంతా రాసిచ్చింది కాదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఇవాళ్టికి వద్దాం. 2023 డిసెంబరులో కేంద్ర పర్యాటక శాఖ బెజవాడలో మూడు రోజుల 'కృష్ణవేణి సంగీత నీరాజనం' జరిపింది. ఊరికి పెద్ద సంగీతోత్సవం రావడం సంతోషించాల్సిన విషయం. కాకపోతే మొత్తంగా మన ఉత్సవాల పద్ధతి మద్రాసు డిసెంబరు సీజన్ నేర్పిన పద్ధతి. పొద్దున చర్చ, సాయంత్రం కచ్చేరీ. పొద్దున హాల్లో తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళతో మాట్లాడుకుంటారు, సాయంత్రం వచ్చేవాళ్ళకి ఆ మాట చేరదు. అక్కడ ప్రశ్న ఉంటుంది, జనం ఉండరు. పందిట్లో జనం ఉండేవాళ్ళు, ప్రశ్న ఉండేది కాదు. ఫిజిక్స్ గుడారం మన దగ్గర వేసినా అది పొద్దుటి హాలు లాగే తయారవుతుందని నా భయం.

ఒక్క ఉదాహరణ చెబుతాను. మామూలు చర్మం గుండ్రంగా బిగించి కొడితే వచ్చే ధ్వనుల పౌనఃపున్యాలు 1, 1.59, 2.14, 2.30 ఇలా ఒక వరసలో లేకుండా ఉంటాయి. అందుకే డోలు చప్పుడే చేస్తుంది, సులువుగా శ్రుతి పలకదు. మృదంగం కుడిపక్క మధ్యలో ఉండే నల్లటి బిళ్ళ, ఆ బరువు వల్ల, ఈ అంకెలు 1, 2, 3, 4, 5 దగ్గరికి జరుగుతాయి. అందుకే మృదంగం గాయకుడి షడ్జంతో కలుస్తుంది. ఈ సంగతి కనిపెట్టి 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో రాసింది విశాఖపట్నంలో పెరిగిన సి.వి. రామన్. నారాయణదాసు పక్కనా, పారుపల్లి పక్కనా, బాలమురళి పక్కనా కూచున్న వాయిద్యమే అది. నేను విన్న హరికథల్లో బ్రహ్మం గురించి, మాయ గురించి పిట్టకథలున్నాయి గానీ, మృదంగం ఎందుకు పలుకుతుందో చెప్పిన పిట్టకథ ఒక్కటీ లేదు. చోటు లేక కాదు. మొదలుపెట్టే ముందు మృదంగం ఆయన ఎడమవైపు తడి రవ్వముద్ద అంటించి, గుండ్రాయితో అంచుల మీద కొట్టి శ్రుతి చూసుకుంటాడు. రెండు మూడు నిమిషాలు పడుతుంది. అప్పటికే జనం వచ్చి కూచుని ఉంటారు. ముందు వరసలో పిల్లలు ఆ రాయినే చూస్తుంటారు, దాసుగారు మాత్రం చిరతలు సర్దుకుంటూ నిలబడి ఉంటారు.